బుధవారం మూడింటికి గేటు దగ్గర ఎవరూ లేరు

"హంతకుడు భూమ్మీద ఏ మూల దాక్కున్నా సరే, ఈ సంఘం కళ్ళు కప్పి బతకలేడు!"

సూపరింటెండెంటు గారు ఈ మాట అని బల్ల గుద్ది అప్పటికి సరిగ్గా పదకొండు నెలలు. ఈ పదకొండు నెలలూ హంతకుడు ఎక్కడో తిని, తిరిగి, కంటినిండా నిద్రపోతూనే ఉన్నాడు. పాపం, బల్లకే ఒక కాలు వదులైంది.

ఇస్త్రీ అక్కకు ఆ మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఉండదా మరి! చదువొచ్చినవాళ్ళు కాగితం మీద రాసేసి హాయిగా మరచిపోతారు. రానివాళ్ళు చచ్చినట్టు బుర్రలోనే పెట్టుకుని మోయాలి. ఆ నాలుగంతస్తుల మేడలో పదహారు వాటాల బట్టలూ పందొమ్మిదేళ్ళుగా ఆవిడ ఇస్త్రీ పెట్టె కిందనుంచే వెళుతున్నాయి. ఒక్క చీటీ రాసి ఎరగదు. ఎవరి చొక్కా ఏ రోజు వచ్చింది, దానికి ఎన్నో గుండీ ఊడింది, ఆ గుండీ సంగతి అడిగితే వాళ్ళ ఇంటావిడ మొహం ఎలా పెట్టింది, అన్నీ చెప్పగలదు. కానీ ఆ పదకొండు నెలల్లో సంఘంవాళ్ళు ఆవిణ్ణి అడిగింది ఒక్కటే. "టీలో చక్కెర తక్కువైందేం?"

చనిపోయింది రెండో అంతస్తులో ఒంటరిగా ఉండే పెళ్ళిళ్ళ పెద్దమ్మ. సంబంధాలు కుదర్చడం ఆవిడ వృత్తి. ఒక బుధవారం మధ్యాహ్నం, మూడు గంటలకూ మూడూ ముప్పావుకూ మధ్య, ఆవిడ తన గదిలోనే తల మీద దెబ్బ తగిలి కన్నుమూసింది. తలుపు ఓరగా తీసి ఉంది. పూచికపుల్ల కూడా పోలేదు. పోలీసులు వచ్చారు, కొలతలు తీసుకున్నారు, మెట్లకు అడ్డంగా తాడు కట్టారు, నాలుగు రోజులకు ఆ తాడు కూడా విప్పుకుని వెళ్ళిపోయారు.

పోలీసులు చేతులెత్తేసిన చోట పెద్దమనుషులు చేతులు కట్టుకుని కూర్చోగలరా? కింది గదిలో సత్యశోధన సంఘం వెలిసింది. ప్రతి ఆదివారం సాయంత్రం అయిదింటికి సమావేశం. నలుగురు సభ్యులు, ఒక బల్ల, ఒక మినిట్స్ పుస్తకం, పక్కన ఇస్త్రీ బల్ల దగ్గరనుంచి టీ అందించడానికి అక్క.

అధ్యక్షుడు సూపరింటెండెంటు గారు. ఆయన ఆఫీసులో పదవీ విరమణ చేసి పద్నాలుగేళ్ళయింది గాని, ఆఫీసు ఆయనలోనుంచి ఇంకా విరమించలేదు. పుస్తకంలోకి ఎక్కనిది ఆయన దృష్టిలో జరగనట్టే లెక్క. మొదటి సమావేశంలోనే మొదటి తీర్మానం రాయించారు. "సంఘ సభ్యులు అనుమానానికి అతీతులు." నలుగురూ ఏకగ్రీవంగా ఆమోదించారు. ఆమోదించరూ!

రెండో సమావేశంలో అనుమానితుల జాబితా మొదలైంది.

"పెద్దమ్మ నలభై పెళ్ళిళ్ళు కుదిర్చింది. అంటే తక్కువలో తక్కువ ఎనభైమంది ఆవిణ్ణి చంపాలనుకునేవాళ్ళు ఉంటారు" అన్నాడు బీమాయన. పాలసీలు అమ్మే మనిషి, చావుల సంగతి ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

"అత్తలను మరిచిపోయారు" అంది పాటల టీచరమ్మ.

అత్తలను కలిపితే నూట అరవై అయింది. ఇంతమందితో విచారణ సాగదని, సభ్యుడికి ఒక అనుమానితుడి చొప్పున పంచుకున్నారు. ఎవరి అనుమానితుడు వారి సొంతం. ఒకరి అనుమానితుణ్ణి ఇంకొకరు ముట్టుకోకూడదు. అది రెండో తీర్మానం.

పళ్ళ డాక్టరు తన వాటాకు ఒక పెళ్ళికొడుకును తీసుకున్నాడు. పెద్దమ్మ ముత్యాల్లాంటి పళ్ళవాడని చెప్పి పెళ్ళి చేస్తే, ఆ ముత్యాలు రాత్రిపూట గ్లాసులో ఉంటాయని పెళ్ళికూతురికి తరవాత తెలిసిందట. బీమాయన పెద్దమ్మ మేనల్లుణ్ణి తీసుకున్నాడు.

"కాని ఆవిడకు బీమా లేదే! ఆ కుర్రాడికి ఏమొస్తుంది?" అని పళ్ళ డాక్టరు నోరు జారాడు.

"లేకపోవడమే కదండీ అనుమానాస్పదం! అయినా నా మేనల్లుడి జోలికి మీరు రాకండి. మీ కట్టుడుపళ్ళవాణ్ణి మీరు చూసుకోండి!"

పాటల టీచరమ్మకు ఆ రోజు మెట్ల మీద ఎవరో కూనిరాగం తీస్తూ వెళ్ళినట్టు గుర్తు. శ్రుతి తప్పిందట. "శ్రుతి తప్పినవాడు దేనికైనా తెగిస్తాడు" అన్నది ఆవిడ సిద్ధాంతం. ఆ లెక్కన ఆవిడ శిష్యులందరినీ ఉరి తీయాలని బీమాయన గొణిగాడు గాని, అధ్యక్షులవారు అది పుస్తకంలోకి ఎక్కనివ్వలేదు.

ఇక అధ్యక్షులవారి అనుమానితుడు మేడ వాచ్‌మన్. ఇస్త్రీ అక్క సొంత తమ్ముడు.

"మూడు నుంచి మూడూ ముప్పావు దాకా గేటు దగ్గర వాచ్‌మన్ లేడు! రిజిస్టరులో ఆ ముప్పావుగంటా ఖాళీ! ఎక్కడికి వెళ్ళాడు? ఎందుకు వెళ్ళాడు? ఎవరి అనుమతితో వెళ్ళాడు?" అని ఆయన ప్రతి ఆదివారం మూడు ప్రశ్నలు వేసేవారు. తమ్ముడు ప్రతి ఆదివారం తల వంచుకుని "వెనక నీళ్ళ టాంకీ చూడ్డానికి వెళ్ళానండయ్యా" అనేవాడు. "సాక్షి?" అంటే ఉలకడు, పలకడు.

ఇలా పదకొండు నెలలు గడిచాక, ఒక ఆదివారం సూపరింటెండెంటు గారు గొంతు సవరించుకున్నారు.

"ఏడాది నిండబోతోంది. పెండింగు ఫైలు ఏడాది దాటడం నా సర్వీసులో లేదు. వచ్చే ఆదివారం ఓటింగు. మెజారిటీ ఎవరిని హంతకుడంటే వాడి పేరు పోలీస్ స్టేషనుకు రాసి పంపుతాం. వాచ్‌మన్ అని తేలిన పక్షంలో నెలాఖరుకల్లా గేటు గది ఖాళీ చేయించాలి."

మిగిలిన ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కట్టుడుపళ్ళ పెళ్ళికొడుకు మంచి ఉద్యోగంలో ఉన్నాడు. మేనల్లుడు ఈమధ్యే ఒక పాలసీ తీసుకున్నాడు. శ్రుతి తప్పినవాడి అడ్రసు తెలియదు. వాచ్‌మన్ అయితే ఏ ఇబ్బందీ లేదు. ఇంటికి మూడడుగుల దూరం, పైగా ఎదురు మాట్లాడడు.

అక్క టీ గ్లాసులు ఏరుతూ అంతా వింది. తమ్ముడికి ఆ ఉద్యోగమే తిండి, ఆ గేటు గదే ఇల్లు. హంతకుడన్న పేరుతో బయటికి వెళితే ఇంకో గేటు దగ్గర నిలబడనిచ్చేదెవరు?

ఆ సాయంత్రమే ఆవిడ గేటు గదిలోకి వెళ్ళి తలుపు వేసింది.

"ఒరేయ్, పదకొండు నెలలు నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా. ఎక్కడికి వెళ్ళావు?"

"టాంకీ దగ్గరికక్కా."

"నీ టాంకీ పాడుగాను! పుట్టినప్పటినుంచి నిన్ను చూస్తున్నా. అబద్ధం చెప్పేటప్పుడు నీ ఎడమ చెవి ఎర్రబడుతుంది. ఇప్పుడది మిరపకాయలా ఉంది."

తమ్ముడు చెవి మూసుకున్నాడు. ఆ తరవాత నెమ్మదిగా అన్నాడు.

"రంగు వేస్తున్నా."

"గేటుకా?"

"తలకి."

"ఎవరి తలకిరా?"

తమ్ముడు గడ్డంతో పైకి చూపించాడు. మూడో అంతస్తు. సూపరింటెండెంటు గారి వాటా.

అక్క కూలబడిపోయింది. సూపరింటెండెంటు గారికి డెబ్భై రెండేళ్ళు. జుట్టు చూస్తే కాకి తలదించుకోవాలి! అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆయన చెప్పేది ఒకటే. "నియమబద్ధ జీవితం! ముప్పైనాలుగేళ్ళ సర్వీసులో ఒక్క రోజు ఆలస్యంగా సంతకం పెట్టలేదు. క్రమశిక్షణ ఉన్నవాడి వెంట్రుక కూడా ఆజ్ఞ లేనిదే తెల్లబడదు!" ఆ మాట విని మేడలో సగంమంది పొద్దున్నే లేవడం మొదలుపెట్టారు. పళ్ళ డాక్టరైతే భార్య మీద అరవడం కూడా టైము ప్రకారం చేస్తున్నాడు.

"గురువారం మూటలో ఆయన కాలరు లోపలివైపు ఎప్పుడూ నల్లటి గీత ఉంటుందిరా. ఆఫీసు మనిషి కదా, సిరా అనుకున్నా" అంది అక్క. "పదవీ విరమణ చేసినవాడికి సిరా ఎక్కడిదని తట్టలేదు చూడు నాకు! వారం వారం ఎందుకు? నెలకోసారి చాలదూ?"

"మొదళ్ళక్కా. మొదళ్ళు తెల్లగా కనిపిస్తే నియమబద్ధ జీవితం బయటపడుతుంది. బుధవారం మూడింటికి అమ్మగారు చెల్లెలి ఇంటికి వెళతారు. ఆవిడకు కూడా తెలియదు."

"మరి ఆయనేరా, ఆదివారం ఆదివారం నిన్ను నిలబెట్టి ఎక్కడున్నావని అడిగేది!"

"అడుగుతారు. బుధవారం మాత్రం అడగరు. చెవుల దగ్గర జాగ్రత్త అంటారు, అంతే."

"అంటే ఈ పదకొండు నెలలూ కూడా...?"

"ఒక్క వారం తప్పలేదక్కా. మాట ఇచ్చాను కదా, ఎవరికీ చెప్పనని. నీకూ చెప్పకూడదు, చెప్పేశాను. నువ్వు నోరు విప్పావో, నా మీద ఒట్టే!"

ఇచ్చిన మాట కోసం ఉరి కంబం ఎక్కడానికైనా సిద్ధపడే వెర్రివాణ్ణి తనకు తమ్ముడిగా కన్న తల్లిని తలుచుకుని, అక్క నెత్తి కొట్టుకుంది.

మర్నాడు ఇస్త్రీ చొక్కాలు పట్టుకుని మూడో అంతస్తుకు ఎక్కింది. ఒట్టు పరాయివాళ్ళకు చెప్పకూడదనే గాని, తల సొంతదారుకు గుర్తు చేయకూడదని కాదు కదా!

"అయ్యా, మావాడు ఆ వేళప్పుడు ఎక్కడున్నాడో తెలిసిన పెద్దమనిషి ఒకరున్నారు. ఒక్క ముక్క చెప్తే వాడి బతుకు నిలబడుతుంది."

సూపరింటెండెంటు గారు చేత్తో జుట్టు సర్దుకున్నారు. ఆవిడ కళ్ళలోకి చూడలేదు. చొక్కా కేసి చూశారు.

"విచారణలో ఉన్న అంశంపై వ్యాఖ్యానించడం భావ్యం కాదు. చట్టం ముందు అందరూ సమానులే. ఈ చేతి మడత వంకరగా ఉంది, మళ్ళీ చేసి తీసుకురా."

మడత వంకరగా లేదు. పందొమ్మిదేళ్ళలో ఆవిడ చేసిన మడత ఏదీ వంకరగా లేదు. అక్క ఆ చొక్కా తెచ్చి మళ్ళీ ఇస్త్రీ చేస్తూ, అలమరాలో అడుగున ఉన్న రెండు దుప్పట్లను చూసింది. అవి పెళ్ళిళ్ళ పెద్దమ్మవి. ఆ బుధవారం పొద్దున ఇచ్చింది. "సాయంత్రం వచ్చి తీసుకుంటానే, నీతో మాట్లాడాలి కూడానూ" అంది. ఏం మాట్లాడాలనుకుందో! ఇన్ని ఆదివారాల్లో ఆవిడ ఎలాంటి మనిషో ఆ బల్ల దగ్గర ఒక్కరూ అనుకోలేదు. ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపల అక్కకు ఒక ఆలోచన వచ్చింది.

ఆదివారం వచ్చింది. ఓటింగు మొదలవబోతుండగా అక్క టీ గ్లాసులు పెట్టి, వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

"అయ్యా, నాదొక చిన్న మనవి. మా తమ్ముణ్ణి మీ సంఘంలో సభ్యుడిగా చేర్చుకోండి."

నలుగురూ తుళ్ళిపడ్డారు.

"అనుమానితుణ్ణి సభ్యుడిగానా!"

"సభ్యుడైతే అనుమానానికి అతీతుడే కదండీ? మొదటి తీర్మానం. నాకు చదువు రాదు, గుర్తుండి చెబుతున్నా."

సూపరింటెండెంటు గారు జాలిగా నవ్వారు. "పిచ్చిదానా! ఇవాళ చేరినవాడికి పదకొండు నెలల కిందటి సంగతి ఎలా వర్తిస్తుంది? తీర్మానం చేరిన తేదీనుంచే అమలు."

"అవునవును" అన్నాడు బీమాయన. "పాలసీ తీసుకోకముందు కాలు విరిగితే కంపెనీ ఇవ్వదు."

"అట్లాగాండీ" అంది అక్క, అమాయకంగా. "మరి సంఘం పెట్టింది పెద్దమ్మ పోయిన పన్నెండో రోజు కదా. ఆ బుధవారం నాటికి మీరెవరూ సభ్యులు కారు కదండీ?"

పళ్ళ డాక్టరు మినిట్స్ పుస్తకం లాక్కుని మొదటి పేజీ మీది తేదీ చూశాడు.

సొంత పాలసీలో తనే ఇరుక్కున్న ఏజెంటు మొహం ఎలా ఉంటుందో అక్క ఆ రోజే చూసింది. "రూల్ ప్రకారం ఆవిడ చెప్పింది నిజమే" అన్నాడు బీమాయన నీరసంగా. "మనం నలుగురం ఆ రోజు... కవరు కాము."

అంతే! పదకొండు నెలలు ఊరివాళ్ళ ఆనుపానులన్నీ తవ్విన నలుగురికీ చెమటలు పట్టాయి. పాటల టీచరమ్మ ముందుగా లేచింది.

"నేను పాఠం చెబుతున్నాను! పిల్లలు సాక్షి!"

"ఆ వేళప్పుడు ఏ రోజూ తంబూరా శబ్దం తప్ప మీ గొంతు వినపడదేం?" అన్నాడు పళ్ళ డాక్టరు.

"వినపడదు. టేపు పెట్టి... కాసేపు నడుం వాల్చాను. రోజూ వాలుస్తాను. సరేనా? మీరెక్కడున్నారు?"

"నేను క్లినిక్కులో..."

"బుధవారం క్లినిక్కు సెలవు."

పళ్ళ డాక్టరు చెయ్యి బుగ్గ మీదికి వెళ్ళింది. "ఇంకో డాక్టరు దగ్గరున్నాను. నా పళ్ళు కట్టించుకుంటున్నాను. పైవరస మొత్తం! చాలా?"

కట్టుడుపళ్ళ పెళ్ళికొడుకు మీద ఆయనకంత కక్ష ఎందుకో అందరికీ అర్థమైంది. బీమాయన ఎవరూ అడగకుండానే, తను రోజూ నడిచే అయిదు మైళ్ళూ నిజానికి మూల మీది సినిమా హాలుదాకానే అనీ, అక్కడ ఏసీలో కూర్చుంటాననీ ఒప్పేసుకున్నాడు. టికెట్టు ముక్క కూడా ఉందట.

అప్పుడు ముగ్గురూ ఒక్కసారిగా అధ్యక్ష స్థానం వైపు తిరిగారు.

"మీరెక్కడున్నారండీ?"

సూపరింటెండెంటు గారు కలానికి మూత పెట్టారు.

"ఇంట్లోనే ఉన్నారా? ఒంటరిగానా? సాక్షి?"

మూలన నిలబడ్డ తమ్ముడు నోరు తెరవబోయాడు. సూపరింటెండెంటు గారు అతణ్ణి ఒక్క చూపు చూశారు. అతను నోరు మూసుకున్నాడు. 'ఒక్క మాట చెప్పవయ్యా మహానుభావా, రంగే కదా, రక్తం కాదు కదా!' అనుకుంది అక్క. ఆయన మొహంలో రెండు దారులు పోట్లాడుకోవడం ఆవిడకు కనిపిస్తూనే ఉంది. ఒక దారిన వెళితే హంతకుడు. ఇంకో దారిన వెళితే నెరిసిన జుట్టువాడు.

సూపరింటెండెంటు గారు లేచి నిలబడ్డారు. నిటారుగా.

"నాకు సాక్షి లేడు. రాసుకోండి!"

సంఘానికి ప్రాణం లేచొచ్చింది! పదకొండు నెలల్లో దొరకని అనుమానితుడు ఎదురుగా, కుర్చీతో సహా దొరికాడు. పళ్ళ డాక్టరు ఆయన చేతుల బలం గురించి మాట్లాడాడు. టీచరమ్మకు ఆయన మెట్లెక్కుతూ కూనిరాగం తీస్తారని హఠాత్తుగా గుర్తొచ్చింది. వాచ్‌మన్ సంగతి అందరూ మరిచిపోయారు. మూడు ఓట్లతో తీర్మానం నెగ్గింది. పోలీసులకు ఉత్తరం టీచరమ్మ రాస్తుంటే, సూపరింటెండెంటు గారే పక్కన నిలబడి తప్పులు దిద్దారు. "'హంతకుడు' కాదమ్మా, 'హత్య చేసినట్టుగా భావింపబడుచున్న వ్యక్తి'. ఫైల్లో ఉండే కాగితం, భాష శుభ్రంగా ఉండాలి." కింద అధ్యక్షుడి హోదాలో సంతకం కూడా పెట్టి, ముద్ర వేశారు!

మంగళవారం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కొత్తగా బదిలీ అయి వచ్చినవాడు, టోపీ నుదుటిమీదికి లాక్కుని కూర్చున్నాడు. సూపరింటెండెంటు గారినీ వాచ్‌మన్‌నూ మూడో అంతస్తు గదిలో కూర్చోబెట్టి తలుపు వేయించాడు. అక్క ఇస్త్రీ బట్టల మూటతో మెట్ల మీద ఆగిపోయింది. మూట బరువుగా ఉందని ఆగింది, తలుపు పల్చగా ఉందని కాదు.

"స్టేషనుకు రమ్మంటారా? జీపులోనా?" సూపరింటెండెంటు గారి గొంతు. "ఎన్ని రోజులు?"

"ఎన్ని రోజులైనా పట్టొచ్చు. పది, పదిహేను."

పదిహేను రోజులంటే మొదళ్ళు వేలెడు కనిపిస్తాయి! ఉరికి బెదరని మనిషి అక్కడ బెదిరాడు.

"బుధవారం రేపే కదా..." అన్నారాయన. తరవాతి మాటలు గుసగుసలు. తమ్ముడి "అవునండయ్యా"లు మూడు.

ఇన్‌స్పెక్టరు నవ్వుతాడేమో అనుకుంది అక్క. నవ్వలేదు. కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ఇలా వెలుతురులోకి రండి. చెవుల వెనక కూడా... అబ్బ! ఒక్క మరక లేదే! ఒరే వాచ్‌మన్, నాది చూడు" అని టోపీ తీసినట్టున్నాడు. "మా ఆవిడ వేసింది. నుదురంతా బొగ్గులగని. అందుకే ఇంట్లో కూడా టోపీ తీయడంలేదు."

అరగంటకు స్టేట్‌మెంటు తయారైంది. ఇన్‌స్పెక్టరు కిందికి దిగి సంఘం ముందు చదివాడు. "సదరు వాచ్‌మన్ సదరు సమయమున ఒక గౌరవనీయ పౌరుని నివాసమందు రహస్య స్వభావము గల విధులలో నిమగ్నుడై యుండినట్లు రుజువైనది. ఇరువురూ నిర్దోషులు."

గేటు గది నిలిచింది. అక్క తమ్ముడి వీపు మీద ఒకటి చరిచి, కళ్ళు తుడుచుకుంది.

ఇక రహస్యం సంగతి. రహస్యమంటే అందరికీ ఒకేసారి కాకుండా, ఒక్కొక్కరికీ విడివిడిగా తెలిసేది. రెండు వారాల్లో పళ్ళ డాక్టరు తమ్ముణ్ణి పక్కకు పిలిచాడు. తరవాత బీమాయన. తరవాత టీచరమ్మ, "నాకు కాదు, మా అక్కకు" అంటూ. ఆదివారం సమావేశాలు రద్దయ్యాయి. బుధవారం మూడింటికి అందరూ మూడో అంతస్తులో కలుస్తున్నారు, ఇన్‌స్పెక్టరు మామూలు బట్టల్లో వస్తున్నాడు.

అలాంటి ఒక బుధవారం, మూడూ పదికి, ముక్కూమొహం తెలియని మనిషి ఒకడు గేటు తోసుకుని లోపలికి వచ్చాడు. అక్క ఇస్త్రీ పెట్టె చేత్తో పట్టుకునే అడ్డం నిలబడి, ఎవరు, ఎవరింటికి, ఎందుకు అని నిలదీసింది. పక్క మేడ అనుకుని వచ్చాడట, వెళ్ళిపోయాడు. అక్క గేటు గడియ పెట్టి, గబగబా మూడో అంతస్తుకు ఎక్కింది.

తలుపు తీస్తే వరసగా అయిదు కుర్చీలు. అయిదు మెడలకు అయిదు తువ్వాళ్ళు. అయిదు తలలు నల్లగా, తడిగా, కదలకుండా.

"అయ్యా, గేటు దగ్గర మళ్ళీ ఎవరూ లేరు! ఎవడో లోపలికి వచ్చాడు!"

తమ్ముడు గిన్నె దింపి కదలబోయాడు.

"కదలకు! వెనకవైపు ఇంకా ఉంది!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అది కాదండీ" అంది అక్క. "పెద్దమ్మను చంపినవాడు ఇంకా దొరకలేదు కదా?"

సూపరింటెండెంటు గారు రంగు చెవి మీదికి కారకుండా, మెడ తిప్పకుండా, కళ్ళు మాత్రం ఆవిడ వైపు తిప్పారు.

"ఏ పెద్దమ్మ?"